కళ్ళద్దాల కొట్టు: రేబాన్ ఖరీదులో గాజెంత, మొహమెంత?

పోయిన సంచికలో ఎండాకాలం జాగ్రత్తలు రాస్తూ రేబాన్ కూలింగ్ గ్లాసుల గురించి 'రేబాన్ ఖరీదులో గాజు వాటా తక్కువ, మొహాల వాటా ఎక్కువ' అని, అంటే ధర అద్దానికి కాదు, అది పెట్టుకున్న పేరున్నవాళ్ళ మొహాలకని, ఒక మాట విసిరి ఊరుకున్నాను. ఆ ఒక్క మాటకే ఇన్ని ఉత్తరాలొచ్చాయి. కొందరు తెలుసుకుందామని రాశారు, కొందరు నాతో తేల్చుకుందామని రాశారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను. మద్రాసు టి. నగర్‌లో మా కళ్ళద్దాల కొట్టుకే వచ్చి, కౌంటరు మీద మోచేతులానించి మరీ వాదించినవాళ్ళకి అక్కడే జవాబిచ్చేశాను కాబట్టి వాళ్ళు ఇక్కడ వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: మా నాన్నగారు హార్బరులో పనిచేసేవారు. ఆయన 1980ల్లో బర్మా బజారులో కొన్న బంగారు రంగు రేబాన్ బీరువాలో దొరికింది. బిల్లు లేదు, పెట్టె లేదు. దాని మీద ఇటలీ అని రాసి లేదు కాబట్టి నకిలీదేనని మా తమ్ముడంటాడు. ఎలా తెలుసుకోవడం అక్కా?
కె.ఎస్., విల్లివాక్కం

జవాబు: మీ తమ్ముడు లెక్క తిరగేశాడమ్మా. 1980ల నాటి రేబాన్ మీద ఇటలీ అని ఉంటేనే అనుమానపడాలి. అప్పట్లో అది అమెరికా సరుకు. న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ అనే ఊళ్ళోని బాష్ అండ్ లాంబ్ కంపెనీది.

బర్మా బజారు సంగతి పాత మద్రాసువాళ్ళకి చెప్పక్కర్లేదు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకి 1969లో బీచ్ స్టేషను దగ్గర బతుకుదెరువుకని పెట్టించిన బడ్డీలవి. ఫారిన్ సరుకు సూటిగా దేశంలోకి రాని రోజుల్లో ఓడల మీదా, సింగపూరు సూట్‌కేసుల్లోనూ దిగిన టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు, కూలింగ్ గ్లాసులు అక్కడ తేలేవి. అసలుదీ నకిలీదీ ఒకే అట్ట మీద పక్కపక్కనే గుచ్చి ఉండేవి. అందుకని కొన్న చోటుని బట్టి ఏమీ తేల్చలేం, వస్తువునే చూడాలి.

పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని భూతద్దం పట్టుకోండి. రెండు అద్దాలకీ బయటి అంచున, కాడ కీలు దగ్గర, సూదితో గీసినట్టు 'బి ఎల్' అని రెండు బుల్లి ఇంగ్లీషు అక్షరాలుండాలి. ఎదురుగా పెట్టుకుని చూస్తే కనిపించవు, అద్దాన్ని వాలుగా తిప్పితే తళుక్కుమంటాయి. తరవాత ముక్కు మీది వంతెన చూడండి. అక్కడ బి అండ్ ఎల్, రేబాన్, యు.ఎస్.ఎ. అన్న అచ్చూ, 58 ఒక చిన్న చదరం 14 లాంటి కొలతా ఉంటాయి. 58 అంటే ఒక్కో అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, 14 అంటే రెండు అద్దాల మధ్య ఎడం. మీదాని మీద అంకెలు వేరుగా ఉండొచ్చు, దానికి కంగారు పడొద్దు. ఇక మూడోది, అద్దం గాజుదై ఉండాలి. చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది, చేతిలో బరువు తెలుస్తుంది. మూడూ కలిసొస్తే అది అసలుదే అనుకోవచ్చు. అద్దం మూల తెల్లగా రాసి ఉండే రేబాన్ అన్న పేరుని మాత్రం నమ్మకండి. నకిలీవాడు ముందు రాసేది దాన్నే.

బాష్ ఎవరో కూడా చెప్తాను, మా వృత్తివాళ్ళకి ఆయన కథంటే ముచ్చట. జాన్ జేకబ్ బాష్ జర్మనీ నుంచి వలసొచ్చిన కళ్ళద్దాల పనివాడు. 1853లో రాచెస్టర్‌లో కొట్టు పెట్టాడు. డబ్బు చాలక స్నేహితుడు హెన్రీ లాంబ్ దగ్గర 60 డాలర్లు తీసుకుని, వ్యాపారం నిలబడితే నిన్ను భాగస్తుణ్ణి చేస్తానన్నాడు. చేశాడు కూడా. వాళ్ళని నిలబెట్టింది అద్దం కాదు, ఫ్రేము. అందరూ కొమ్ముతోనో బంగారంతోనో ఫ్రేములు చేస్తుంటే బాష్ గట్టిపరిచిన రబ్బరుతో చేశాడు. అమెరికా అంతర్యుద్ధంలో కొమ్ము, బంగారం ధరలు ఆకాశానికెక్కేసరికి రబ్బరు ఫ్రేముకి గిరాకీ పట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ గాజు రావడం ఆగిపోతే సొంతంగా గాజు కరిగించి సైన్యానికిచ్చారు. మైక్రోస్కోపులు, కెమెరా లెన్సులు చేసే ఆ ఇంట్లో రేబాన్ పుట్టేనాటికి కంపెనీకి ఎనభై ఏళ్ళు దాటాయి.

నోస్ ప్యాడ్ల కింద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది, మన ఊరి చెమట మహిమ. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు షాంపూ వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దండి. చింతపండు, నిమ్మకాయ, వెండిసామాన్ల పొడి జోలికి పోవద్దు, పూత లేచిపోతుంది. నాన్నగారి కళ్ళద్దాలు కదా, అమ్మే ఆలోచన పెట్టుకోరనే అనుకుంటున్నాను.

ప్రశ్న: పైలట్ల కోసం ప్రత్యేకంగా చేసిన గాజు కాబట్టే రేబాన్‌కి ఆ ధర అని మా బావగారి వాదన. సినిమావాళ్ళు పెట్టుకోబట్టే ఆ ధర అని నాది. ఆదివారం భోజనాల దగ్గర మొదలైంది, మా అక్కయ్య విస్తళ్ళు ఎత్తేదాకా తెగలేదు. మీరు తేల్చాలి.
ఆర్., అణ్ణానగర్

జవాబు: చెరి సగం అని చెప్పి తప్పించుకోను. 1937లో అయితే మీ బావగారు గెలుస్తారు. 1982 తరవాత మీరు గెలుస్తారు.

ముందు బావగారి పక్షం. 1920లో షార్టీ ష్రోడర్ అనే అమెరికా సైనిక పైలట్ 33 వేల అడుగుల పైకి విమానం తీసుకెళ్ళాడు. కళ్ళజోడు మంచు పట్టి ఏమీ కనిపించకపోతే తీసేశాడు. ఆ చలిగాలికి కళ్ళు గడ్డకట్టుకుపోయాయి. ఎలాగో నేలకి దించాడు. ఆ అవస్థ కళ్ళారా చూసిన తోటి పైలట్ జాన్ మెక్రెడీ తరవాత బాష్ అండ్ లాంబ్ వాళ్ళతో కలిసి, పై ఎత్తుల్లో ఎండ తాకిడిని ఆపే అద్దం కోసం పాటుపడ్డాడని చెబుతారు. 1936లో ప్లాస్టిక్ ఫ్రేముకి పచ్చటి అద్దాలు బిగించి 'యాంటీ గ్లేర్' పేరుతో ఒక నమూనా చేశారు. 1937లో లోహపు ఫ్రేమూ, రేబాన్ అన్న పేరూ వచ్చాయి. ఏవియేటర్ అనే ఆ పైలట్ రకం అద్దం కన్నీటిబొట్టులా కిందికి జారి ఉంటుంది చూడండి, అది సోకు కోసం కాదు. పైలట్ చూపు మాటిమాటికీ కిందున్న మీటర్ల మీదికి దిగుతుంది కాబట్టి కంటిగుంట మొత్తం కప్పాలి. 1953లో వచ్చిన జి-15 అద్దం బూడిద కలిసిన పచ్చ. పడిన వెలుతురులో 15 శాతమే లోపలికి వదులుతుంది, రంగుల్ని మాత్రం పెద్దగా మార్చదు. ఎర్ర సిగ్నల్ ఎర్రగానే కనిపిస్తుంది. మంచి గాజు. నేను కాదనలేదు, కాదనను.

అయితే రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు పెట్టుకున్నవన్నీ రేబాన్లు కావు. సైన్యం కొలతలిస్తే అమెరికన్ ఆప్టికల్ లాంటి వేరే కంపెనీలు కూడా చేసిచ్చాయి. 1944 అక్టోబరులో అమెరికా జనరల్ మెకార్థర్ ఫిలిప్పీన్స్‌లోని లేటీ దగ్గర నీళ్ళలో నడుచుకుంటూ ఒడ్డుకొస్తున్న ఫోటోని ప్రపంచమంతా చూసింది. ఆయన కళ్ళకి నల్లద్దాలు. ఆర్డర్లు ఎందరు పంచుకున్నా యుద్ధం అయ్యాక ఆ కీర్తంతా ఒక్క రేబాన్ ఖాతాలో పడింది.

ఇప్పుడు మీ పక్షం. 1952లో రేమండ్ స్టెగెమన్ అనే ఆయన వేఫేరర్ ఫ్రేము గీశాడు. సన్నటి లోహపు కమ్మీలు పోయి దట్టమైన నల్ల ప్లాస్టిక్ వచ్చింది. కొన్నేళ్ళు బాగా ఆడింది, ఆ తరవాత మోజు పోయింది. 1981లో ఏడాది మొత్తం మీద 18 వేల జతలే అమ్ముడయ్యాయి. అమెరికా అంత దేశానికి అది ఏ మూలకి? ఎవరైనా ఆ మోడల్ ఎత్తేసేవాళ్ళే. కంపెనీ 1982లో కాలిఫోర్నియాలోని యూనిక్ ప్రోడక్ట్ ప్లేస్‌మెంట్ అనే సంస్థతో ఒప్పందం రాసుకుంది. ఏడాదికి 50 వేల డాలర్లిస్తాం, మా కళ్ళద్దాలు సినిమాల్లో, టీవీ సీరియళ్ళలో కనిపించేలా చూడండి అని. దాంతో ఏడాదికి అరవై పైచిలుకు సినిమాల్లో, సీరియళ్ళలో రేబాన్లు కనిపించాయి. 1983లో 'రిస్కీ బిజినెస్'లో కుర్ర టామ్ క్రూజ్ వేఫేరర్ పెట్టుకున్నాడు, ఆ ఏడు 3,60,000 జతలు పోయాయి. 1986కల్లా అది 15 లక్షలకి చేరింది. అదే ఏడాది అదే నటుడు 'టాప్ గన్'లో ఏవియేటర్ తగిలించుకుంటే దాని అమ్మకాలు 40 శాతం పెరిగాయి.

ఈ మధ్యలో గాజు మారలేదు. ఫ్రేము మారలేదు. పైలట్లేమీ కొత్తగా పుట్టుకురాలేదు. మారింది మొహం ఒక్కటే. పోయిన నెల నేనన్నది దీని గురించే.

కోడంబాక్కంలో తెలుగు సినిమాలు తీసే రోజుల్లో కాస్ట్యూమ్ అసిస్టెంట్లు మా కొట్టుకి వచ్చేవాళ్ళు. విలన్‌కి మొహం నిండా ఉండాలి, హీరోకి కనుబొమలు కనపడాలి, మీద లైట్లు మెరవకూడదు అంటూ ట్రేలన్నీ తిరగేయించేవాళ్ళు. చివరికి డబ్బు మాటెత్తితే 'సినిమాలో కనిపిస్తుంది కదమ్మా, మళ్ళీ డబ్బెందుకు?' అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మహానుభావులు, అమెరికావాడు ఏడాదికి 50 వేల డాలర్లు పోసి కొన్నదాన్నే మాకు ఉచితంగా ఇస్తామన్నారన్నమాట! పేచీ ఒక్కటే, సినిమాలో ఎక్కడా మా కొట్టు పేరు కనిపించేది కాదు.

నిజానికి మొహం బలం ఎంతో చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. తెల్ల టోపీ, నల్లద్దాలు గీస్తే ఎం.జి.ఆర్., పసుపు కండువా, నల్లద్దాలు గీస్తే కరుణానిధి. ఈ ఊళ్ళో ఏ గోడని అడిగినా చెబుతుంది. ఆ అద్దాలు ఏ కంపెనీవని అడిగినవాణ్ణి మాత్రం ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

ప్రశ్న: అమెరికా కంపెనీ ఇటలీది ఎప్పుడైంది? ఒకప్పుడు మామూలు ధరకి దొరికేదట, ఇప్పుడు ఎందుకంత?
పెరంబూరు, తాంబరం, నెల్లూరు నుంచి ముగ్గురు

జవాబు: 1999లో. బాష్ అండ్ లాంబ్ తన కూలింగ్ గ్లాసుల వ్యాపారం మొత్తాన్ని 64 కోట్ల డాలర్లకి లక్సోటికా అనే ఇటలీ కంపెనీకి అమ్మేసింది. లక్సోటికా పెట్టిన లియొనార్డో డెల్ వెక్కియో పుట్టకముందే తండ్రి పోయాడు. సాకలేక తల్లి ఏడేళ్ళ పిల్లాణ్ణి మిలాన్‌లో అనాథాశ్రమంలో చేర్చింది. లోహపు అచ్చులు చేసే పని నేర్చుకుని 1961లో అగోర్డో అనే కొండ ఊళ్ళో కళ్ళద్దాల విడిభాగాలు చేసే కొట్టు పెట్టాడు. 2022లో పోయేనాటికి ప్రపంచంలో కళ్ళద్దాల వ్యాపారానికి పెద్దదిక్కు ఆయనే.

ఆయన చేతికొచ్చేనాటికి రేబాన్ పరువు తీసుకుని ఉంది. అమెరికాలో పెట్రోలు బంకుల్లో, మందుల షాపుల్లో స్టాండుకి వేలాడేది. డెల్ వెక్కియో చేసిన మొదటి పని ప్రకటనలివ్వడం కాదు, సరుకుని ఆ షాపుల్లోంచి వెనక్కి లాగెయ్యడం. పాత ఫ్యాక్టరీలు మూసి తయారీని ఇటలీకి తెచ్చాడు, నాణ్యత సరిచేశాడు, ఆ తరవాత మెట్టు మెట్టుగా ధర పెంచాడు. 2000 నుంచి అద్దం మీది గీత 'బి ఎల్' పోయి 'ఆర్ బి' అయింది. (విల్లివాక్కం తమ్ముడుగారూ, మీ ఇటలీ ఇక్కడ మొదలు.) 2007లో 'నెవర్ హైడ్' అనే ప్రచారం ఎత్తుకున్నారు. అప్పట్లో ఇంటర్నెట్లో ఒక వీడియో తిరిగింది. ఒకడు కళ్ళద్దాలు విసురుతుంటాడు, ఇంకొకడు వంతెన మీద నుంచీ, పోతున్న కారులోంచీ సూటిగా మొహంతో పట్టేస్తుంటాడు. ఎవరో కుర్రాళ్ళు సరదాకి తీసినట్టుంటుంది గానీ తీయించింది కంపెనీయే.

నన్నడిగితే అసలు విద్య ప్రకటనల్లో లేదు, షాపుల్లో ఉంది. లక్సోటికా 1995లో లెన్స్ క్రాఫ్టర్స్ దుకాణాలు కొన్నది, 2001లో సన్‌గ్లాస్ హట్ అనే కూలింగ్ గ్లాసుల దుకాణాలు కొన్నది. ధరల దగ్గర కూలింగ్ గ్లాసులు చేసే ఓక్లీ కంపెనీతో పేచీ వస్తే సన్‌గ్లాస్ హట్‌లో ఓక్లీ సరుకు తగ్గించేసింది. ఓక్లీ షేరు కుదేలైంది. 2007లో ఆ ఓక్లీనే కొనేసింది. 2018లో లెన్సులు చేసే ఫ్రాన్సు కంపెనీ ఎసిలార్‌తో కలిసిపోయింది. ఫ్రేము వాళ్ళదే, లెన్సు వాళ్ళదే, షాపూ వాళ్ళదే, పక్క షెల్ఫులో పోటీగా కనిపించేదీ వాళ్ళదే. ఇక ధర ఎవరు తగ్గిస్తారు? మా లాంటి చిన్న కొట్టువాళ్ళం ఈ సంగతి చెబితే ఏడుపనుకుంటారు, కొంత ఏడుపు ఉంది కూడా.

మన దేశం మాట కూడా చెప్తాను. 1990ల్లో బాష్ అండ్ లాంబ్ రాజస్థాన్‌లోని భివాడీలో ఫ్యాక్టరీ పెట్టి రేబాన్లు ఇక్కడే చేసింది. అందుకని పాత రేబాన్ మీద ఇండియా అని కనిపించినంత మాత్రాన చెత్తబుట్టలో పడెయ్యకండి.

ప్రశ్న: మా అమ్మకి శుక్లాల ఆపరేషనైంది. రంగనాథన్ వీధిలో 150 రూపాయలకి బాగా నల్లటి అద్దాలు దొరికాయి. ఎంత నల్లగా ఉంటే అంత మంచిది కదా?
ఒక పాఠకురాలు, మాంబళం

జవాబు: కాదు. ఈ ఒక్క జవాబైనా చింపి ఫ్రిజ్‌కి అంటించుకోండి. నలుపు ఆపేది కంటికి కనిపించే వెలుతురుని. కంటికి చేటు చేసే అతినీలలోహిత (యూవీ) కిరణాలు కనిపించవు, వాటిని ఆపడం వేరే గుణం. నల్లగా ఉండి ఆ గుణం లేని అద్దం పెట్టుకుంటే చీకటనుకుని కంటిపాప పెద్దదవుతుంది, ఆ కిరణాలు ఇంకాస్త ఎక్కువ లోపలికి పోతాయి. ఉత్త కళ్ళతో తిరగడమే నయం.

చూడాల్సింది యూవీ 400 అన్న గుర్తు. 400 నానోమీటర్ల వరకూ ఆపుతుందని అర్థం. గుర్తు ఎవడైనా అంటించగలడు కాబట్టి దగ్గర్లోని కళ్ళద్దాల కొట్టుకి పట్టుకెళ్ళి యూవీ మీటరులో పెట్టి చూపించమనండి. నిమిషం పని, మేమైతే డబ్బు తీసుకోం. పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌కి ఈ కిరణాల్ని ఆపే గుణం పుట్టుకతోనే ఉంది కాబట్టి 150 రూపాయల జత కూడా ఒక్కోసారి మీటరు దగ్గర నెగ్గుతుంది. రేబాన్ నెగ్గుతుందని వేరే చెప్పక్కర్లేదు. నలుపు సంగతంటారా, కేటగిరీ 3 అని ఉంటే వెలుతురులో 8 నుంచి 18 శాతం వదులుతుంది, మన ఎండకి సరిపోతుంది. కేటగిరీ 4 ఇంకా నలుపు, అది పెట్టుకుని బండి నడపకూడదు. అమ్మగారికి మాత్రం ఆపరేషను చేసిన డాక్టరు చెప్పినన్నాళ్ళు ఆసుపత్రిలో ఇచ్చిన అద్దాలే పెట్టండి. సోకులు తరవాత.

ప్రశ్న: మా హోసూరులో టైటాన్ ఫ్యాక్టరీ ఉంది. మనవాళ్ళు రేబాన్‌కి దీటుగా ఒక పేరు ఎందుకు నిలబెట్టలేకపోయారు?
వి., హోసూరు

జవాబు: నిలబెట్టారు, వేరే వీధిలో. టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో పెట్టిన కంపెనీ టైటాన్. 1998లో కుర్రకారు వాచీలకని ఫాస్ట్‌ట్రాక్ తెచ్చారు. 2005లో దాన్ని విడిగా నిలబెట్టి కూలింగ్ గ్లాసులు కూడా కలిపారు. 2007లో టైటాన్ ఐ ప్లస్ షాపులొచ్చాయి. రేబాన్ పైలట్ కథ చెప్పి తండ్రి జేబుకి గురిపెడితే, ఫాస్ట్‌ట్రాక్ 'మూవ్ ఆన్' అంటూ కాలేజీ పిల్లల పాకెట్ మనీకి గురిపెట్టింది. మా కొట్టులో చూస్తుంటాను కదా, ఫాస్ట్‌ట్రాక్ కొనే పిల్లాడు ఆ బండల్లే ఉండే ఫ్రేము రెండేళ్ళకి మార్చేస్తాడు. రేబాన్ కొన్నాయన అదే జతకి స్క్రూలు బిగించుకోవడానికి పదేళ్ళు వస్తాడు. కంపెనీకి ఏది లాభమో మీరే లెక్కేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి కెమెరా ఉన్న రేబాన్ కావాలట. ఫోనుండగా కళ్ళద్దాలకి కెమెరా ఎందుకండీ?
ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: ఫేస్‌బుక్ నడిపే మెటా వాళ్ళతో కలిసి చేసిన జత అది. మొదటి రకం 2021లో వచ్చింది, తరవాతిది 2023లో. మన దేశంలో 2025 మేలో అమ్మకానికి పెట్టారు. 2013లో గూగుల్ ఇలాంటివే 1,500 డాలర్లకి తెస్తే పెట్టుకున్నవాణ్ణి జనం వింతగా చూశారు, మొహం మీద యంత్రం కనిపిస్తుంది కదా మరి. వీళ్ళు కెమెరాని 1952 నాటి వేఫేరర్ ఫ్రేములో దాచారు. డెబ్భై ఏళ్ళుగా అందరికీ అలవాటైన మొహం కాబట్టి ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. అణ్ణానగర్ ఆర్. గారూ, ఇది కూడా మీ ఖాతాలో వేసుకోవచ్చు.

కొనివ్వడం, మానడం మీ ఇంటి లెక్క. రికార్డు అవుతున్నప్పుడు ఫ్రేము మూల చిన్న తెల్ల లైటు వెలుగుతుంది, ఆ సంగతి ఇంట్లో ఆడపిల్లలందరికీ చెప్పి ఉంచండి. మీ వాడికి పవర్ ఉంటే కొనేముందే చీటీ పట్టుకెళ్ళి ఆ పవర్‌కి లెన్సు పడుతుందో లేదో అడగండి. డబ్బు కట్టేసి, ఇంటికెళ్ళాక పాత కళ్ళజోడు మీద కొత్తది ఆనించుకుని చూసే పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు.